యుద్ధం వద్దన్న జనమే శవపేటికల కోసం రోడ్డు మీద నిలబడ్డారు. అప్పుడు బ్రిటన్‌లో ఉన్నవాళ్లు చెప్తారా?

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లోని స్విండన్ వచ్చి మూడేళ్లయింది. పక్కనే రాయల్ వూటన్ బాసెట్ అనే చిన్న ఊరుంది. 2007 నుంచి 2011 దాకా ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో చనిపోయిన బ్రిటిష్ సైనికుల పేటికలు దగ్గర్లోని వైమానిక స్థావరంలో దిగి, ఆ ఊరి బజారు మీదుగానే వెళ్లేవి. చర్చి గంట మోగగానే దుకాణాల్లోంచి జనం వచ్చి రోడ్డుకు అటూ ఇటూ నిలబడేవారట. ఎవరూ మాట్లాడేవారు కాదట. ఈ సంగతి చెప్తూ మా పక్కింటి పెద్దాయన మధ్యలో ఆగిపోయారు. టీ చల్లారిపోయింది, ఆయన కప్పు ముట్టుకోలేదు.

మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం చదువుతూ అడిగింది: "యుద్ధం వద్దన్నవాళ్లు మరి ఎందుకు నిలబడ్డారు నాన్నా?" జవాబు చెప్పలేకపోయాను.

2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధం వద్దంటూ లండన్‌లో లక్షల మంది నడిచారు. అయినా నెల తిరిగేసరికి పార్లమెంటు 412 ఓట్లతో సరేనంది. 2013లో సిరియా మీద దాడికి మాత్రం 285-272తో కాదంది. ఆ పదేళ్లలో జనం మనసు మార్చింది ఆ పేటికలా, యుద్ధానికి కారణంగా చూపించి, ఇరాక్‌లో ఎంత వెతికినా దొరకని సామూహిక విధ్వంసక ఆయుధాలా? నాకు రెండోదే ఎక్కువనిపిస్తుంది. కానీ నేనప్పుడు ఇక్కడ లేను.

ఆ రోజుల్లో బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు ఆఫీసులో, బస్సులో, ఇరుగుపొరుగు నోట ఏం విన్నారో దయచేసి రాయండి. చిన్న మాటైనా సరే, అమ్మాయికి చదివి వినిపిస్తాను.