గంటన్నర నడిచాక ఏసీ గాలి ఆగిపోతోంది: సెన్సరా, కూలింగ్ కాయిలా?

అమలాపురం నుంచి అరుణాచలం బయల్దేరాం. 2016 డీజిల్ సెవెన్ సీటర్, ఏడుగురం, పైన క్యారియర్ నిండా లగేజీ. ఉదయం 5:30కి ఏసీ వేస్తే సిద్ధాంతం వంతెన దాటేదాకా చల్లగానే ఉంది. తాడేపల్లిగూడెం దగ్గరికొచ్చేసరికి బ్లోయర్ నాలుగులో మోగుతూనే ఉంది, వెంట్లలోంచి గాలి మాత్రం ఊదినంత కూడా లేదు. ఏసీ ఆపి బ్లోయర్ ఒక్కటే ఉంచితే 15 నిమిషాల్లో గాలి తిరిగొస్తుంది, బండి కింద నీళ్లు ధారకడతాయి. అంటే కాయిల్ మీద ఐసు కడుతోందనే నా లెక్క. మన కోనసీమ తేమగాలికి అది ఇంకా త్వరగా పేరుకుంటుంది.

క్యాబిన్ ఫిల్టర్ కొత్తది వేశాను, తేడా లేదు. రీసర్క్యులేషన్ (లోపలి గాలినే తిప్పే మోడ్) ఆపి చూశాను, అంతే. ఏలూరులో ఏసీ గ్యాస్ ప్రెషర్ చూసే గేజీలు పెడితే ఐడిల్‌లో లో సైడ్ 32, హై సైడ్ 210 పీఎస్‌ఐ, కాబట్టి గ్యాస్ తక్కువని అనుకోను. ఐసు కట్టినా కంప్రెసర్ క్లచ్ కట్ అవడం లేదు, అందుకే కాయిల్ మరీ చల్లబడితే కంప్రెసర్‌ని ఆపించే ఎవాపరేటర్ సెన్సర్ మీద నా అనుమానం. మెకానిక్ మాత్రం డ్యాష్‌బోర్డు విప్పి కాయిల్ కడగాలంటున్నాడు, రోజంతా పోతుంది.

డ్యాష్‌బోర్డు విప్పకుండా, పోయింది ఎవాపరేటర్ సెన్సరేనని మల్టీమీటర్‌తో తేల్చుకోవడం ఎలా?