వజీర్ అనే ఇంటిపేరు ఎక్కడిది? తెలిసినవారు చెప్పండి

నిజామాబాద్‌వాసి:
అందరికీ నమస్కారం. పొద్దున టిఫిన్ తిని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళయింది, ఇంకా మొదలుపెట్టిన చోటే ఉన్నాను. మా ఇంటిపేరు వజీర్. ఇది ఏ దేశం నుంచి వచ్చింది, ఈ పేరున్నవాళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారు అన్నది తెలియాలి. అన్నయ్య కూతురి పెళ్లికి వంశవృక్షం అచ్చు వేయించాలని పెద్దవాళ్లు పట్టుబట్టారు, ఆ పని నా నెత్తిన పడింది. ఎక్కడ వెతికినా వజీరిస్తానే వస్తోంది. మేం పఠాన్లం కాదు. ఇంటిపేర్లకు ప్రపంచ పటం చూపించే వెబ్‌సైటు చూస్తే పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్ ముదురు రంగుతో నిండిపోయాయి. మావి అరబ్బు మూలాలని నాన్న అనేవారు. ఇది అంత జటిలమైన ప్రశ్నేమీ కాదు, దయచేసి ఎవరైనా సూటిగా చెప్పండి.

చదరంగం చలపతి:
వజీర్ అంటే మంత్రి. అబ్బాసీ ఖలీఫాల కాలంలో చాలా పెద్ద పదవి. హారూన్ అల్ రషీద్ దగ్గర బర్మకీ కుటుంబం వజీర్లుగా చక్రం తిప్పి, 803లో ఒక్కసారిగా కూలిపోయింది. పదవి పేరే ఇంటిపేరవడం మనకూ కొత్త కాదు. దేశ్‌ముఖ్, దేశ్‌పాండే, బక్షీ అన్నీ ఆ కోవవే. అసలు చదరంగంలో మనం మంత్రి అనే పావును ఉర్దూలో వజీర్ అంటారు. పాత షత్రంజ్ ఆటలో దాని బతుకు మరీ దీనం. మూలగా ఒక్క గడి, అంతే. ఇప్పుడు బల్లంతా ఏలుతున్న ఆ బలం 15వ శతాబ్దం చివర్లో ఐరోపాలో వచ్చింది. ఈ విషయం చాలామంది ఆటగాళ్లకే తెలియదు.

నిజామాబాద్‌వాసి:
అర్థం నాకూ తెలుసండీ. నేను అడిగింది అది కాదు.

ముక్తసరి:
ఊరు, కాగితాలు, ఏ లిపిలో ఉంది. ఇవి లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

నిజామాబాద్‌వాసి:
ఇంటిపేరు చెప్పాను కదా, ఇంకా కాగితాలెందుకు? ఊరు నిజామాబాద్, అది నా పేరులోనే ఉంది. తాతగారు రెవెన్యూ శాఖలో గుమాస్తా. ఆ రోజుల్లోనే బి.ఏ. చదివినవారు.

ఇంటిపేర్ల పరిశోధకుడు:
ముందుగా ఒక సవరణ. అరబ్బులకు మనలాంటి ఇంటిపేరు ఉండదు. మన ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఊళ్ల పేర్లు, పేరుకు ముందు వస్తాయి, పెళ్లయితే ఆడపిల్లకు మారుతాయి. అరబ్బుల పద్ధతిలో తన పేరు, తండ్రి పేరు, తాత పేరు వరుసగా వచ్చి చివర్న వంశం పేరో, తెగ పేరో, ఊరి పేరో వస్తుంది. ఆడపిల్ల పెళ్లయినా పుట్టింటి పేరే ఉంచుకుంటుంది. కాబట్టి ప్రశ్నను ‘వంశనామం’ అని మార్చి అడిగితే బాగుంటుంది. ఈ గ్రూపులో పరిభాష మీద శ్రద్ధ తగ్గిపోతోందని ఎన్నోసార్లు చెప్పాను.

ముక్తసరి:
బి.ఏ. అని ఎక్కడ ఉంది?

నిజామాబాద్‌వాసి:
సర్వీసు పుస్తకంలో. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. ఆయన పేరు, తర్వాత బి. ఏ., తర్వాత వజీర్.

ముక్తసరి:
డిగ్రీని పేరు మధ్యలో రాయరు.

పాతబస్తీ పుటలు:
నిజామాబాద్‌వాసి గారూ, ఒక అనుమానం. మీ ఇంట్లో ఉర్దూలో ఉన్న పాత కాగితం ఏదైనా ఉందా? బంధువులు హైదరాబాదులో ఏ పేటలో ఉండేవారు?

నిజామాబాద్‌వాసి:
ముత్తాతగారి జీతాల పట్టీ నకలు ఒకటి ఉంది. నిజాం సైన్యంలో చేశారట. నేను చదివింది తెలుగు మాధ్యమం, ఉర్దూ రాదు. ఫొటో పెడుతున్నాను. నాన్నగారి మేనత్తలు బార్కస్‌లో ఉండేవారు, కానీ దానికీ దీనికీ సంబంధం ఏమిటి?

ముక్తసరి:
బార్కస్ నిజాం కొలువులోని అరబ్బు సైనికుల పేట. అదే అసలు సంబంధం.

పాతబస్తీ పుటలు:
ఫొటో చూశాను. నకలు రాసినాయన చేతిరాత బాగుంది, సిరా మాత్రం వెలిసిపోయింది. పేరు చివర్న బే, అలిఫ్ అనే ఉర్దూ అక్షరాలు కలిపి రాసి, కాస్త ఎడం వదిలి, వావ్, జే, యే, రే రాశాడు. బే కింది చుక్క సగం చెరిగినా కనబడుతోంది. అంటే అక్కడున్నది బావజీర్. తర్వాతి కాలంలో ఇంగ్లీషు టైపు చేసినవాడు ఆ ‘బా’ను విడదీసి, రెండక్షరాల మధ్య చుక్కలు పెట్టి పొడి అక్షరాలుగా మార్చేశాడు. బి.ఏ. డిగ్రీ అలా పుట్టి ఉంటుంది. తాతగారు నిజంగా చదివారో లేదో నాకు తెలియదు గానీ, ఈ కాగితం మాత్రం ఆ మాట చెప్పడం లేదు.

పేరుకు ముందు ‘బా’ ఉంటే అది దాదాపుగా హద్రమౌత్ ముద్ర. ఇప్పటి యెమెన్‌లో తూర్పు భాగం. ఫలానావారి సంతతి అని చెప్పడానికి అక్కడ బా చేరుస్తారు. బాజాబర్, బాసలామా, బాఫకీహ్, అన్నీ ఆ వరుసే. కేరళ ముస్లిం లీగ్ నాయకుడు బాఫకీ తంగళ్ పేరులో ఉన్నదీ అదే. మీరు బా వదిలేసి వెతికితే వజీరిస్తాన్ కాక ఇంకేం వస్తుంది?

ఇక బావజీర్‌ల సంగతి. హద్రమౌత్ తీరంలో ముకల్లా, షిహ్ర్ రేవులకు దగ్గరగా, సముద్రానికి కొంచెం లోపలగా ఘైల్ బావజీర్ అనే పట్టణం ఉంది. ఘైల్ అంటే పారే నీరు. ఊటల నీళ్లతో సాగయ్యే ఊరు. అక్కడి హుక్కా పొగాకుకూ, గోరింటాకుకూ పేరుంది. 14వ శతాబ్దం మొదట్లో ఈ వంశానికి చెందిన షేక్ అబ్దుర్రహీం బిన్ ఉమర్ ఆ ఊరు కట్టాడని చెబుతారు. వంశ కథనం ఇంకా వెనక్కి, బాగ్దాదు దాకా పోతుంది. 12వ శతాబ్దంలో అబ్బాసీ ఖలీఫా అల్ ముస్తర్షిద్ దగ్గర వజీరుగా ఉన్న అలీ బిన్ తిరాద్ అజ్‌జైనబీ తమ మూలపురుషుడనీ, ఆయన మనుమడు షేక్ యాఖూబ్ బాగ్దాదు వదిలి హద్రమౌత్ చేరాడనీ అంటారు. యాఖూబ్ సమాధి ముకల్లాలో ఉంది, అక్కడి పాత శ్మశానాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఊరూ సమాధీ కళ్లెదుట ఉన్నవి. బాగ్దాదు వజీరు వరకు సాగే తీగ మాత్రం వంశంలో చెప్పుకునే మాట. వంశవృక్షం అచ్చు వేసేటప్పుడు ఈ రెంటినీ ఒకే రకం అక్షరాలతో వేయకండి.

నిజామాబాద్‌వాసి:
అయితే మేం అరబ్బు సైనికులమే కదా? నాన్న చెప్పింది అదే.

జమీయత్ చరిత్ర:
సైనికులంటే అంత తేలిగ్గా చెప్పలేం. హద్రమౌత్ సమాజంలో పైన సాదాత్‌లు, ప్రవక్త వంశీకులు. తర్వాత మషాయిఖ్, అంటే పాత మత గురువుల కుటుంబాలు. వాళ్ల కింద ఆయుధం పట్టే ఖబాయిల్ తెగలు. బావజీర్‌లు మషాయిఖ్ కోవ. వీళ్లు సంప్రదాయంగా ఆయుధం పట్టరు. వీళ్ల ఊళ్లను హౌతా అంటారు, తెగల మధ్య కొట్లాటలున్నా ఆ హద్దులో కత్తి తీయకూడదు. అలాంటి కుటుంబం మనిషి నిజాం ఫౌజులో ఎలా చేరాడు? నా అనుమానం ఏమిటంటే, ముత్తాతగారు ఘైల్ బావజీర్ ఊరి నుంచి వచ్చిన వేరే తెగ మనిషి అయి ఉండవచ్చు. పట్టీ రాసిన గుమాస్తా ఊరి పేరే రాసుకుని ఉంటాడు.

పాతబస్తీ పుటలు:
ఉండవచ్చు. కానీ సముద్రం దాటి వచ్చాక ఇంటి దగ్గర కట్టుబాట్లు ఎంతమంది పాటించారు? పైగా పట్టీలో పేరున్నవాళ్లంతా తుపాకీ పట్టినవాళ్లు కారు. నమాజు చేయించేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు కూడా జీతం తీసుకున్నవాళ్లే. హోదా గడిలో ఏముందో చూస్తే తేలుతుంది. ఫొటోలో ఆ మూల మడత పడింది.

జమీయత్ చరిత్ర:
సరే, మడత తీసి మళ్లీ ఫొటో పెట్టమనండి. ఈలోగా మిగతావారి కోసం. హైదరాబాదులో హద్రమీలు, అంటే హద్రమౌత్ వాళ్లు, ఎంత బలపడ్డారో చాలామందికి తెలియదు. ఖుఐతీ కుటుంబం ఇక్కడ జమేదార్లుగా, అంటే అరబ్బు దళాల నాయకులుగా, సంపాదించిన డబ్బుతో హద్రమౌత్‌లో రాజ్యమే కట్టింది. 1860లలో షిహ్ర్ పట్టుకుని, 1881లో ముకల్లా తీసుకుని, 1888లో బ్రిటిష్ వాళ్ల రక్షణలోకి వెళ్లారు. ఆ రాజ్యం 1967 దాకా నిలిచింది. ఘైల్ బావజీర్ కూడా వాళ్ల ఏలుబడిలోదే. ఇంకో వైపు ఇక్కడ అరబ్బులు జాగీర్దార్లకు అప్పులిచ్చి, వసూలు కాకపోతే కోటల్లో తిష్ఠ వేసేవారు. మొదటి సాలార్ జంగ్ దివాన్ అయ్యాక వాళ్లను అదుపులోకి తేవడానికి నానా తంటాలు పడ్డాడు. బార్కస్ పాత పేరు మైసారం. బ్యారక్స్ అన్న మాటే జనం నోట బార్కస్ అయింది.

మామిడిపల్లి:
బార్కస్ అంటే జామకాయలు! ఇప్పుడు తోటలన్నీ ప్లాట్లయిపోయాయి.

ముక్తసరి:
ప్రశ్నలో రెండో సగం మిగిలింది. ఇప్పుడు ఎక్కడున్నారు?

జెడ్డా తెలుగు:
నేను జెడ్డాలో చాలా కాలం పనిచేశాను. అక్కడ వ్యాపారంలో హద్రమీ పేర్లే ఎక్కువ వినపడతాయి. బావజీర్‌లు కూడా ఉన్నారు. యెమెన్ తర్వాత ఎక్కువగా సౌదీలో, గల్ఫులో, తూర్పు ఆఫ్రికా తీరంలో, ఇండోనేసియాలో కనిపిస్తారు. ఇండోనేసియాలో 1998లో కొద్ది నెలలు ఆర్థిక మంత్రిగా ఉన్న ఫుఆద్ బావజీర్ ఈ పేరువారే. వజీర్ వంశంలోంచి నిజంగానే ఒక మంత్రి వచ్చాడన్నమాట!

అసలు చిక్కు స్పెల్లింగులో ఉంది. ఇండోనేసియాలో డచ్చి వాళ్ల పాలన కాబట్టి ‘జీ’ దీర్ఘానికి ఐ, ఈ అక్షరాలు జంటగా వేస్తారు. గల్ఫులో రెండు ఈలు వేస్తారు, లేదా ఒక్క ఐతో సరిపెడతారు. కొందరు బా విడిగా, కొందరు కలిపి. ఇంటిపేర్ల పటం గీసే వెబ్‌సైట్లు ఒక్కో స్పెల్లింగును ఒక్కో ఇంటిపేరుగా లెక్కవేస్తాయి. అందుకని ఆ పటాలు చూసి ఎక్కడ ఎంతమంది అని తేల్చుకోకండి. అన్ని స్పెల్లింగులూ విడివిడిగా కొట్టి, చివర్న అరబ్బీ లిపిలో కూడా కొట్టండి.

వంశావళి వేదిక:
జకార్తాలో రాబితా అలవియా అనే సంస్థ హద్రమీ వంశాల పట్టీ ఉంచుతుంది. వారికి రాస్తే పని అయిపోతుంది.

పాతబస్తీ పుటలు:
అవదు. ఆ సంస్థ చూసేది బా అలవీ సాదాత్‌ల వంశావళి. బావజీర్‌లు మషాయిఖ్ అని పైన చెప్పుకున్నాం, ఆ పట్టీలో ఉండరు. అక్కడ రాసి, లేదన్న జవాబు వచ్చి, మా వంశమే అబద్ధమా అని బాధపడినవాళ్లను చూశాను.

దగ్గర్లో పని జరిగే చోటు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. నిజాం సర్కారు ఫౌజు కాగితాలు ఫార్సీలో, ఉర్దూలో ఉంటాయి, చదివిపెట్టేవాళ్లను వెంట తీసుకెళ్లండి. నకలు మీద దఫ్తరు పేరు, సంవత్సరం ఉంటే ముందే రాసుకోండి. ఏడెన్ 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగమే, కాబట్టి అటువైపు రాకపోకల కాగితాలు లండన్‌లోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో చూడాలి.

ఒక మాట అడగక తప్పదు. 1948 తర్వాత మీవాళ్లలో ఎవరైనా యెమెన్‌కు తిరిగి వెళ్లారా? పోలీసు చర్య తర్వాత అరబ్బులు చాలామందిని నిర్బంధించి, ఎందరినో ఓడ ఎక్కించి పంపేశారు. ఇక్కడ కొమ్మ హఠాత్తుగా తెగినట్టు కనిపిస్తే, అది అక్కడ కొనసాగి ఉండవచ్చు.

నిజామాబాద్‌వాసి:
ముత్తాతగారి తమ్ముడి గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. అమ్మను అడిగి చూస్తాను.

మామిడిపల్లి:
బార్కస్ చావుష్‌లలో కూడా ఈ పేరువాళ్లు ఉన్నారని విన్నాను.

జమీయత్ చరిత్ర:
అరబ్బులందరినీ చావుష్‌లు అనడం సరికాదు. అది తుర్కీ మాట, సైన్యంలో ఒక చిన్న హోదా. ఇక్కడ జనం వాడుకలో జాతి పేరైంది.

మామిడిపల్లి:
మా పక్కింటివాళ్లు తమను తామే చావుష్‌లమని చెప్పుకుంటారు. వాళ్లకు లేని అభ్యంతరం మీకెందుకు?

ఇంటిపేర్ల పరిశోధకుడు:
చావుష్‌ను కొందరు ఇంటిపేరుగానే రాసుకుంటున్నారు, మరాఠ్వాడాలో ఇది మామూలే. అయితే హోదా, జాతి, వంశనామం ఈ మూడింటినీ కలగాపులగం చేయడం వల్లే ఇలాంటి ప్రశ్నలు ముడిపడిపోతాయి. నా మొదటి సవరణకు ఇంతవరకు ఎవరూ స్పందించలేదు.

చదరంగం చలపతి:
చావుష్ అనే పావు ఏ ఆటలోనూ లేదు.

జమీయత్ చరిత్ర:
నిజామాబాద్‌వాసి గారూ, ఆ మడత సంగతి ఏమైంది? హోదా గడి కనిపిస్తే బావజీర్ ఊరి పేరా, వంశం పేరా అన్నది కొంతైనా తేలుతుంది.

నిజామాబాద్‌వాసి:
కాగితం అన్నయ్య దగ్గరికి వెళ్లిపోయిందండీ, పెళ్లి హడావుడిలో ఉన్నాడు. ప్రస్తుతానికి శుభలేఖలో బావజీర్ అని వేయిస్తున్నాం. అందరికీ థాంక్స్.

జమీయత్ చరిత్ర:
కనీసం ఏ సంవత్సరపు పట్టీయో చెప్పండి.

మామిడిపల్లి:
బార్కస్ జామ ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా?