వేసవి చివర పసుపెక్కిన లాన్: తీసేయాలా, ఆగాలా?

పెదవాల్తేరు వాసి:
మా ఇంటి ముందు సుమారు 600 చదరపు అడుగుల లాన్ ఉంది. రెండేళ్ల క్రితం కడియం నర్సరీ నుంచి మెక్సికన్ గడ్డి తెప్పించి పరిపించాము. మొన్న ఏప్రిల్ వరకు నిగనిగలాడిన గడ్డి రోహిణి కార్తె మొదలైనప్పటి నుంచి పసుపెక్కుతోంది. రోజూ రెండు పూటలా పది నిమిషాల చొప్పున బోరు నీళ్లు పెడుతున్నాము. పది రోజుల క్రితం తోటమాలి యూరియా చల్లాడు. రంగు తిరగకపోగా ఆకుల కొసలు మాడాయి. ప్రహరీ నీడ పడే చోట మాత్రం పచ్చగానే ఉంది. మొత్తం తీసేసి కొత్తది వేయించమంటున్నాడు. అంత అవసరమా?

గరికపోచ:
ఇప్పుడే తీయించకండి. ముందుగా పసుపెక్కిన చోట గడ్డిని గుప్పిటతో పట్టి లాగి చూడండి. వేళ్లు తెగిపోయి చాపలా లేచి వస్తే వేరుపురుగు ఉన్నట్టు. గట్టిగా పట్టుకుని ఉంటే పురుగు సంగతి పక్కనపెట్టి, నీళ్లు పెట్టిన గంట తర్వాత పొడవాటి స్క్రూడ్రైవరును నేలలో గుచ్చి ఎంత లోతు దిగుతుందో చూడండి. నర్సరీ గడ్డి సాధారణంగా జిగట నల్లమట్టితో వస్తుంది. దాన్ని మన ఎర్రనేల మీద అలాగే పరిచేస్తే పై పొర తడిసి కింద పొడిగా మిగిలిపోతుంది, వేళ్లు ఆ పై పొరలోనే తిరుగుతూ ఎండ ముదరగానే చేతులెత్తేస్తాయి.

ఉప్పుగాలి:
కొసలు మాడాయంటే నాకు ముందు బోరు మీదే అనుమానం. మన విశాఖలో సముద్రం పక్కన వేసవిలో భూగర్భజలం తగ్గేకొద్దీ నీళ్లలో ఉప్పు పెరిగే అవకాశం ఉంది. ఇంట్లో ఫిల్టరు బాగుచేయడానికి వచ్చే కుర్రాడి దగ్గర టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను కొలిచేది) ఉంటుంది, ఒకసారి పెట్టించండి. అన్నట్టు, ఆ ఫిల్టరు వదిలేసే నీళ్లను మొక్కలకు పోసే అలవాటుంటే లాన్‌కు మాత్రం పోయకండి, అవి ఇంకా ఉప్పగా ఉంటాయి.

పెదవాల్తేరు వాసి:
గడ్డి గట్టిగానే పట్టుకుని ఉంది. స్క్రూడ్రైవరు అంగుళం దిగి ఆగిపోయింది. తవ్వి చూస్తే పైన నల్లటి ముద్ద, దాని కింద ఎండి గట్టిపడిన ఎర్రమట్టి. మీటరులో 1900 చూపించింది. నీళ్లు ఆరిన చోట తెల్లటి పొర కూడా కనిపిస్తోంది.

గరికపోచ:
అయితే నల్లమట్టి, ఉప్పునీళ్లు రెండు కారణాలూ కలిశాయి. నల్లమట్టి నీటిని కిందికి దిగనివ్వడం లేదు, రోజూ పెట్టే పైపై తడి ఆవిరై ఉప్పును అక్కడే వదిలేస్తోంది. నీడలో ఆవిరి తక్కువ గనుక అక్కడి గడ్డి బతికింది. యూరియా లవణం కాకపోయినా నేలలో కరిగి ఉప్పులాగే పనిచేస్తుంది గనుక కొసలు మరింత మాడాయి.

ముందుగా ముళ్లపారతో జానెడు దూరానికొకటి చొప్పున, ఎర్రమట్టి తగిలేదాకా రంధ్రాలు చేయించి, వాటిలో ఏటి ఇసుక నింపించండి. సముద్రపు ఇసుక వద్దు. ఆ తర్వాత కుళాయి నీటితోగాని, ట్యాంకరు నీటితోగాని ఒకసారి బాగా నానబెడితే ఉప్పు కిందికి దిగుతుంది. రంధ్రాలు చేయకుండా నీళ్లు నింపితే పైన మడుగు కట్టడం తప్ప ప్రయోజనం ఉండదు. అక్కడి నుంచి రోజువారీ తడి మానేసి, వారానికి రెండుసార్లు తెల్లవారుజామున పెట్టండి. వారానికి 25 మిల్లీమీటర్ల లెక్కన మీ 56 చదరపు మీటర్లకు మొత్తం 1400 లీటర్లు, అంటే తడికి 700 లీటర్లు పడుతుంది. ఎండ మరీ తీవ్రంగా ఉంటే కొంచెం పెంచండి.

మిద్దెతోట:
కోత యంత్రాన్ని కూడా ఒక మెట్టు పైకి పెట్టించండి. ఒక్క కోతలో మూడో వంతుకు మించి తీయకూడదు. కోలుకున్నాక కూడా లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య పసుపు చారలు మిగిలితే అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము అందించే ఫెర్రస్ సల్ఫేటు), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేయించండి. గచ్చు మీద పడితే తుప్పు మరక వదలదు, మా గుమ్మం ముందు ఇప్పటికీ ఉంది.

పెదవాల్తేరు వాసి:
ముళ్లపార ఆదివారం తెప్పిస్తున్నాను. యూరియా బస్తాను తోటమాలికి తిరిగి ఇచ్చేశాను, ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది.