బాబుకి ఆస్తమా, ఇంట్లో ఏ సబ్బులు మార్చాలి?

ప్రశ్న:
మా బాబుకి 5 ఏళ్ళు. ఆస్తమా అని తెలిసి రెండు నెలలైంది, రోజూ వాడాల్సిన ఇన్‌హేలర్ స్పేసర్‌తో (దానికి తగిలించే గొట్టంతో) ఇస్తున్నాం, చాలావరకు బాగానే ఉంటున్నాడు. కానీ నేను బాత్రూమ్ కడిగిన రోజు మాత్రం రాత్రికి దగ్గు మొదలవుతోంది. నిన్న టాయిలెట్ లిక్విడ్, బ్లీచ్ రెండూ పోసి రుద్దాను. వాడు తలుపు దగ్గరే ఆడుకుంటున్నాడు. రాత్రి దగ్గి దగ్గి లేచి కూర్చున్నాడు, ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి పోతుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పొద్దున్నుంచి సీసాలన్నీ ముందేసుకుని లేబుళ్ళు చదువుతున్నాను. ఎస్‌ఎల్‌ఎస్, బెంజాల్కోనియం క్లోరైడ్, పర్‌ఫ్యూమ్... వీటిలో ఏది మానేయాలి? ఒంటి సబ్బు కూడా మార్చాలా?

జవాబు:
ఒంటి సబ్బు గురించి అంత టెన్షన్ వద్దండీ. ఎస్‌ఎల్‌ఎస్ అంటే నురగ కోసం కలిపే రసాయనం, అది ముఖ్యంగా చర్మాన్ని పొడిబారుస్తుంది, ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురదపెట్టే జబ్బు) ఉంటే మానేయడం మంచిదే. ఆస్తమాకి మాత్రం గాల్లో కలిసి ఊపిరితో లోపలికి వెళ్ళేదాన్నే ముందు చూడాలి, అంటే స్ప్రేలు, ఘాటు వాసనలు. మా పాపకి కూడా ఆస్తమానే, మేం స్ప్రే సీసాలు తీసేసి, లిక్విడ్‌ని తడిగుడ్డ మీద వేసుకుని తుడవడం మొదలుపెట్టాక తేడా బాగా కనిపించింది. కెనడాలో 2 వేల మందికి పైగా పిల్లల్ని గమనించి 2020లో ఒక అధ్యయనం వచ్చింది, 3-4 నెలల వయసులో క్లీనింగ్ సామాన్లు ఎక్కువగా వాడిన ఇళ్ళలో 3 ఏళ్ళకి ఆస్తమా ఎక్కువ కనిపించింది, ముఖ్యంగా సువాసనవి, స్ప్రేలు. వాటివల్లే వచ్చిందని అది రుజువు చేయదు, అందుకని మీవల్లే బాబుకి ఇలా అయిందని మాత్రం అనుకోకండి.

జవాబు:
అక్కా, ఆ రెండూ కలిపి ఎప్పుడూ పోయకండి! టాయిలెట్ లిక్విడ్లలో చాలావాటిలో యాసిడ్ ఉంటుంది, బ్లీచ్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. అమ్మోనియా ఉన్నదానితో కలిస్తే క్లోరమైన్లు వస్తాయి, అవీ ప్రమాదమే. నేను క్లీనింగ్ పనిలోనే ఉన్నాను, మాకు నేర్పే మొదటి పాఠం ఇదే. మీరు చదివిన బెంజాల్కోనియం క్లోరైడ్ క్రిములను చంపే మందు, రోజూ దానితో పనిచేసేవాళ్ళకి ఆస్తమా వచ్చిన సందర్భాలున్నాయి. ఇంట్లో రోజువారీ తుడవడానికి అది అవసరం లేదు, వాసన లేని మామూలు సబ్బునీళ్ళు చాలు. కడిగేటప్పుడు కిటికీ తెరవండి, బాబు వేరే గదిలో ఉండాలి, వాసన పూర్తిగా పోయాకే రానివ్వండి.

జవాబు:
సబ్బుల సంగతి తర్వాత. పక్కటెముకల కింద లోపలికి పోతోందంటే అది మామూలు దగ్గు కాదు. ఇవాళే డాక్టర్‌కి చూపించండి. మళ్ళీ అలా అయితే, డాక్టర్ చెప్పిన రిలీవర్ ఇన్‌హేలర్ (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఇచ్చేది) ఇస్తూనే వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి, తెల్లారేదాకా ఆగకూడదు. సబ్బులు మార్చాం కదా అని రోజువారీ ఇన్‌హేలర్ మానేయకండి.

ప్రశ్న అడిగినవారు:
రెండూ కలిపితే బాగా తెల్లబడుతుందనుకున్నాను, గ్యాస్ వస్తుందని నిజంగా తెలియదు. బ్లీచ్ సీసా తీసేశాను. డాక్టర్ గారు ఇప్పుడే తీసుకురమ్మన్నారు, బయల్దేరుతున్నాం.