పెట్ సీసాలతో అద్దకం నీళ్లు బాగుచేయడం: నగరికి పనికొస్తుందా?

ఏర్పేడు రోడ్డు:
తాగి పారేసిన పెట్ ప్లాస్టిక్ నీళ్ల సీసాను ముక్కలు కోసి కాస్టిక్ సోడాలో ఉడికించి, ఆ నీళ్లలో యాసిడ్ పోస్తే ఆ ప్లాస్టిక్‌లోని టెరిఫ్తాలిక్ ఆమ్లం తెల్లటి పొడిగా అడుగుకు దిగుతుంది. దానికి టైటానియం లాంటి లోహం జతచేస్తే కంటికి కనపడని రంధ్రాలతో నిండిన మరో పొడి వస్తుంది. వెలుతురు తగిలితే అది నీళ్లలోని రంగును విరగ్గొడుతుంది. మిథిలీన్ బ్లూ లాంటి రంగుల మీద ల్యాబుల్లో చాలాసార్లు చేసి చూశారు. నగరి, పుత్తూరు అద్దకాల దగ్గర ఇది పెట్టి చూడాలంటాను.

అలిపిరి మెట్లు:
తిరుమల కొండ మీద ప్లాస్టిక్ సీసాలు ఎప్పుడో ఆపేశారు కదా. ఇంక సీసాలెక్కడివి?

ఏర్పేడు రోడ్డు:
కొండ మీద ఆపారు, కింద ఆపలేదు. కింద ఏ కాలవలో చూసినా అవే.

అలిపిరి మెట్లు:
ముందు సీసాల లెక్క చెప్పండి, తర్వాత మాట్లాడదాం.

కుశస్థలి ఒడ్డు:
మాది నగరి పక్కన పల్లె. నాన్న తెల్లపంచెను మా అమ్మ బావి నీళ్లలో జాడిస్తే అంచంతా గులాబీ రంగుకు తిరిగింది, ఆ పంచె ఇంకా పెట్టెలో దాచింది. ఎనుములు ఆ తొట్టి వాసన చూసి వెనక్కి తిరుగుతాయి. కానీ మా నేలను చంపింది రంగు కాదు, ఉప్పు. నూలుకు రంగు పట్టడానికి బస్తాల కొద్దీ ఉప్పు వేస్తారు. ఉప్పును మీ పొడి తీస్తుందా?

ఏర్పేడు రోడ్డు:
తీయదు. రంగులు, మందుల అవశేషాల లాంటి వాటినే విరగ్గొడుతుంది.

పాత కెమిస్ట్రీ సార్:
ఇలాంటి పదార్థాలకు చాలావాటికి అతినీలలోహిత కాంతి కావాలి, ఎండలో అది నూటికి 5 పాళ్లే. చిక్కటి రంగునీళ్లలోకి వెలుతురు దిగదు. పైగా ఆ పొడిని నీళ్లలోంచి మళ్లీ ఎలా పడతావు బాబూ?

ఏర్పేడు రోడ్డు:
సార్, ఆ ఆమ్లానికి అమైన్ (నత్రజని ఉండే గుంపు) తగిలిస్తే మామూలు వెలుతురుకూ పనిచేస్తుంది. నీళ్లను పలచగా పారించాలి, పొడిని పలక మీద అంటించాలి.

పాత కెమిస్ట్రీ సార్:
మరి సీసాలు ఉడికించిన నీళ్లు ఎక్కడ పోస్తావు? అది చెప్పలేదు.

నాలుగు తొట్లు:
మాది అద్దకం షెడ్డే. అందరూ మమ్మల్ని దొంగల్లా చూస్తారు. నూలు మాది కాదు, కూలికి అద్దుతాం, శుద్ధి ప్లాంటు పెట్టేంత డబ్బు ఆ కూలిలో ఎక్కడుంది? ఇది చవగ్గా వస్తే నేనే ముందు పెట్టుకుంటా. రంగు పోతే చాలు, రోజూ గొడవ తప్పుతుంది.

కుశస్థలి ఒడ్డు:
అదీ అసలు సంగతి! రంగు పోతే గొడవ పోతుంది, ఉప్పు మాత్రం మా బావిలోకే దిగుతుంది. ఎన్ని అర్జీలు పెట్టినా పలకని ఆఫీసులో, ఆ గులాబీ అంచు పరిచి చూపిస్తేనే ఒకాయన కుర్చీలోంచి లేచాడు. తేటగా కనపడే నీళ్లు పట్టుకెళ్తే మమ్మల్ని ఎవరు నమ్ముతారు? మాకున్న సాక్ష్యం ఆ రంగొక్కటే. దాన్నే తుడిచేస్తామంటున్నారు మీరు.

ఏర్పేడు రోడ్డు:
ఈ వైపు నుంచి నేను ఆలోచించలేదు తమ్ముడూ. కానీ ఆ రంగుల్లో విషాలున్నాయి, సాక్ష్యం కోసం వాటిని తాగుతూ ఉండమని ఎలా అంటాను? ముందు ఉప్పు కొలిచి కాగితం మీద పెడదాం, పొడి సంగతి తర్వాత. ఒక సీసా బావినీళ్లు పంపు.

కుశస్థలి ఒడ్డు:
రెండు పంపుతా. ఒకటి బావిది, ఒకటి షెడ్డు కాలవది, ఆ అన్న పట్టుకోనిస్తే.

నాలుగు తొట్లు:
ఆదివారం పొద్దున తొట్లు వదులుతాం, వచ్చి పట్టుకో. కాగితంలో నా ఒక్క షెడ్డే రాస్తే మాత్రం ఒప్పుకోను.