వేరియబుల్ ఎన్‌డి ఫిల్టర్ తిప్పితే వీడియోలో అడ్డంగా నల్లటి చార

కెమెరా కెనాన్ 200డి, లెన్స్ కిట్‌తో వచ్చిన 18-55, ఫిల్టర్ సైజు 58 ఎంఎం. అంతర్వేదిలో గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర పడవల వీడియో తీస్తున్నాను. ఉదయం పదిన్నర, ఎండ బాగా ఉంది. సెట్టింగులు: సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50, ఐఎస్ఓ 100.

వెలుతురు తగ్గించడానికి వేరియబుల్ ఎన్‌డి (తిప్పేకొద్దీ ముదురయ్యే ఫిల్టర్) కొన్నాను. 18 ఎంఎం దగ్గర చివరి వరకూ తిప్పితే ఆకాశం మీద ఇంటూ గుర్తులా నల్లటి చార వస్తోంది. 35 ఎంఎంకి జూమ్ చేస్తే తగ్గుతుంది కానీ నాకు కావాల్సింది నది, సముద్రం రెండూ పట్టే వెడల్పు ఫ్రేము.

కింద ఉన్న యూవీ ఫిల్టర్ తీసేశాను, హుడ్ తీశాను, శుభ్రంగా తుడిచాను. తేడా లేదు. రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు) వెనక్కి తిప్పితే చార పోతుంది, కానీ అప్పుడు అపెర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/11 కన్నా చిన్నది చేయాలి. వెనకున్న సరుగుడు చెట్లు కూడా స్పష్టంగా వచ్చేసి పడవ వాటిలో కలిసిపోతోంది. షట్టర్ 1/400 పెడితే తెడ్డు కదలిక తునకలు తునకలుగా కనిపిస్తోంది. పాపం, తెడ్డు వేసే ఆయన నా కోసం పడవని మూడుసార్లు వెనక్కి తిప్పారు.

అందుకే ఫిక్స్‌డ్ ఎన్‌డికి (వెలుతురుని ఎప్పుడూ ఒకే మోతాదులో తగ్గించేది) మారదామనుకుంటున్నాను. నిండు ఎండలో ఫిల్టర్ లేకుండా 1/50కి ఎఫ్/22 సరిపోతుందనుకుంటే, ఎఫ్/5.6కి 4 స్టాపులు (ఎన్‌డి16), ఎఫ్/4కి 5 స్టాపులు (ఎన్‌డి32) కావాలి. ఇసుక, నీళ్ల మెరుపు ఉండే చోట తీసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: ఒక్కటే కొనాలంటే ఈ రెండింటిలో ఏది?