1893లో టంకశాలలు మూయడం: రూపాయిని నిలబెట్టిందా, రైతును ముంచిందా?

ప్రశ్న: అంతకుముందు ఎవరైనా వెండి పట్టుకెళ్తే బొంబాయి, కలకత్తా టంకశాలల్లో రూపాయలు కొట్టిచ్చేవారు. 1893 జూన్‌లో బ్రిటిష్ సర్కారు అది ఆపేసింది. రూపాయి పతనం ఆగింది కాబట్టి మంచి పనేనంటారు కొందరు. మీరేమంటారు?

జవాబు 1: వేరే దారి లేదండీ. 1871 ప్రాంతంలో దాదాపు రెండు షిల్లింగులు పలికిన రూపాయి, వెండి ధరతో పాటే పడిపోయి 1893 నాటికి షిల్లింగు మూడు పెన్నీలకు దిగింది. లండన్‌కి కట్టే హోం చార్జీలేమో (అక్కడి పింఛన్లు, వడ్డీల్లాంటి ఖర్చులు) పౌండ్లలో. రూపాయి దిగేకొద్దీ వాటికి ఎక్కువ రూపాయలు పోసేవారు. ఆ లోటు పూడ్చడానికే 1886లో ఆదాయపు పన్ను వేశారు, 1888లో ఉప్పు పన్ను పెంచారు. మూయకపోతే ఇంకో పన్ను పడేది.

జవాబు 2: పన్ను పడనే పడింది, పేరు మార్చుకుని. రైత్వారీ శిస్తు, అంటే రైతు నేరుగా సర్కారుకి కట్టే భూమి పన్ను, రూపాయల్లో ఖాయం చేసి ఉంది. వెండికి రూపాయలు కొట్టివ్వడం ఆపి రూపాయిని బలవంతంగా ప్రియం చేస్తే, అదే శిస్తుకి రైతు ఎక్కువ పంట అమ్ముకోవాలి. దాదాభాయి నౌరోజీ 1898 కరెన్సీ కమిటీ ముందు మొత్తుకున్నది ఇదే.

అసలు దెబ్బ ఇంట్లో వెండి మీద. ఆ రోజుల్లో పల్లెలో బ్యాంకంటే ఆడవాళ్ల కాళ్ల కడియాలే. రూపాయి బరువు ఒక తులం, అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. టంకశాల తెరిచి ఉన్నంతకాలం తులం వెండికి రూపాయికి కాస్త అటూ ఇటూగా వచ్చేది. 1898కి రూపాయి షిల్లింగు నాలుగు పెన్నీలకు, అంటే పదహారు పెన్నీలకు చేరింది. అందులోని వెండి విలువ మాత్రం పది పెన్నీలే, మన లెక్కలో రూపాయికున్న పదహారు అణాల్లో పది అణాలు. 1896-97 కరువులో కర్నూలు, బళ్లారి, అనంతపురం, కడప జిల్లాల్లో కడియాలు తీసి షావుకారు త్రాసులో పెట్టినవాళ్లు నష్టపోయింది ఇలాంటి తేడానే. వాళ్లనెవరు అడిగారు?

జవాబు 1: వెండి ధర ప్రపంచమంతా పడిపోతోంది కదా. టంకశాల తెరిచి ఉంచినా కడియం విలువ తగ్గేదే.

జవాబు 2: పౌండ్లలో తగ్గేది, ఒప్పుకుంటాను. కానీ రైతు శిస్తు కట్టింది, జొన్నలు కొన్నది రూపాయల్లో. రూపాయి కూడా వెండితో పాటే దిగుతుంటే కడియానికీ శిస్తుకీ లెక్క సరిపోయేది. ఆ లంకెను తెంపింది సర్కారే. హోం చార్జీలు తగ్గించుకోవచ్చుగా? లండన్‌లో పింఛన్లు, వడ్డీలు ముట్టుకోకుండా ఊళ్లో వెండిని చవక చేశారు.